ఓఎస్ ల్యాబ్‌లో అసలు కెర్నెల్ మార్పులు చదివించండి: మన కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సార్లకు, మేడంలకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల మొదలు అటు బాసర దాకా మన వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పే అందరికీ, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకూ ఈ లేఖ రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, మెమరీ పేజీలను (మెమరీని విడగొట్టిన సమాన ముక్కలను) చూసుకునే కోడ్‌లోకి నిజంగా వస్తున్న మార్పులను ఓఎస్ ల్యాబ్‌లో పిల్లల ముందు పెట్టండి. వాటిని వరుస వరుసా చదివి తప్పొప్పులు పట్టడం, అంటే సమీక్షించడం నేర్పండి. ఆ పనికి మార్కులివ్వండి.

నేను హనుమకొండలో ఉంటూ కెర్నెల్ మీద పనిచేసే ఇంజినీర్‌ని. కోడ్ రాయడం కంటే వేరేవాళ్లు రాసిన కోడ్ చదవడానికే నా రోజులో ఎక్కువ భాగం పోతుంది. ఉద్యోగాలకు వచ్చే పిల్లలను ఇంటర్వ్యూ చేసే పని కూడా నా మీద ఉంది. మన వైపు పిల్లలు వస్తే మనసులో ఒక ఆశ ఉంటుంది, ఒక బాధా ఉంటుంది. ఆ బాధ ఎందుకో చెప్తాను.

పేజీ రీప్లేస్‌మెంట్ (మెమరీ నిండితే ఏ పేజీని బయటికి పంపాలి అన్న సంగతి) గురించి అడిగితే అందరూ ఒకే వరుస చెప్తారు: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ముందు వచ్చిన పేజీనే ముందు పంపేసే ఫిఫో పద్ధతిలో మూడు ఫ్రేములకు (పేజీ పట్టే జాగాలకు) తొమ్మిది ఫాల్టులు (కావలసిన పేజీ మెమరీలో దొరకకపోవడాలు), నాలుగు ఫ్రేములకు పది. మెమరీ పెంచితే ఫాల్టులు పెరగడమేంటని 1969లో బెలాడీ, ఆయన సహచరులు చూపించిన సంగతి ఇది. మంచి పాఠం, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ "సరే, నీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఏ పేజీని బయటికి పంపాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎట్లా?" అని అడిగితే నోరు మెదపరు. తెలివి తక్కువై కాదు. ల్యాబ్‌లో వాళ్లు చూసిన పేజీ, ఒక అర్రేలో కూర్చున్న అంకె మాత్రమే. ఆ అంకెను ఇంకో ప్రాసెస్ పట్టుకుని ఉండదు. అది సగం డిస్క్‌లోకి రాస్తుండగా మధ్యలో ఆగదు. రెండు సీపీయూలు ఒకేసారి దాని మీద పడవు. ఆ ప్రోగ్రాం సీనియర్ల రికార్డులోంచి దింపుకుంటే సరిపోతుంది, ఎక్స్‌టర్నల్ వచ్చి సంతకం పెడితే అయిపోతుంది.

అసలు పేజీ అట్లా ఉండదు. మనం రోజూ వాడే ఎక్స్86 కంప్యూటర్లలో పేజీ అంటే 4 కేబీ. అట్లాంటి ప్రతి పేజీకీ కెర్నెల్ ఒక చిన్న చిట్టా రాసుకుంటుంది. 64 బిట్ కంప్యూటర్లలో ఆ చిట్టా సాధారణంగా 64 బైట్లు. 16 జీబీ ర్యామ్ ఉంటే 41,94,304 పేజీలు, అంటే చిట్టాలకే 256 ఎంబీ పోతుంది. ఇప్పుడు ఎవరో ఒక మార్పు పంపి, "నాకు ఒక కొత్త ఫీల్డు కావాలి, ఎనిమిది బైట్లే కదా" అన్నారనుకోండి. ఆ ఎనిమిది బైట్లు ఆ కంప్యూటర్‌లో 32 ఎంబీ అవుతాయి. ఆ ఫీచర్ వాడనివాళ్లు కూడా ఆ 32 ఎంబీ కట్టాల్సిందే. ఈ లెక్క వేసి "ఇది అవసరమా? ఉన్న ఫీల్డులోనే సర్దలేమా?" అని అడగడానికి థర్డ్ ఇయర్ పిల్లాడికి గుణకారం వస్తే చాలు. అదే సమీక్ష. అంత చిన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఇంకొంచెం లోపలికి పోతే రిఫరెన్స్ కౌంట్ ఉంది. మెమరీ కోడ్ చదివేవాళ్లు మొదట చూసేది దీన్నే. దీన్ని నేను పిల్లలకు మన కోల్డ్ స్టోరేజీలతో చెప్తాను. ఏనుమాముల మార్కెట్‌లో ధర లేక రైతు మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. వాటి మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. ఇప్పుడు ఆ బస్తా మీద రైతు హక్కూ ఉంది, బ్యాంకు హక్కూ ఉంది. ఇద్దరి లెక్కా తీరితేనే బస్తా బయటికి పోవాలి, ఆ జాగా ఇంకొకరికి ఇవ్వాలి. ఒకరి హక్కు ఉండగానే జాగా వేరేవాళ్లకు ఇచ్చేస్తే గొడవే. అప్పు తీరినా పుస్తకంలో కొట్టేయకపోతే ఆ జాగా ఎవరికీ పనికిరాకుండా ఉండిపోతుంది. పేజీ కూడా అంతే. ఎవరెవరు పట్టుకున్నారో కౌంట్‌లో ఉంటుంది, సున్నా అయితేనే పేజీ ఖాళీ. ఒకసారి ఎక్కువ తగ్గిస్తే, ఒకరు వాడుతున్న పేజీ మరొకరి చేతికి పోతుంది. సెక్యూరిటీ కన్నాల్లో చాలా వాటికి మూలం ఇదే. ఒకసారి తక్కువ తగ్గిస్తే మెమరీ లీక్.

ఆదివారాలు కొందరు ఫైనలియర్ పిల్లలు నా దగ్గరికి వచ్చి కోడ్ చదువుతుంటారు. వాళ్లకు ఒకసారి ఒక అభ్యాసం ఇచ్చాను. ఒక డ్రైవర్ (ఏదో పరికరాన్ని నడిపే కోడ్), ఒక యూజర్ ప్రోగ్రాం మెమరీలోంచి పదహారు పేజీలు పట్టి ఉంచమని కెర్నెల్‌ని అడుగుతుంది. ఆ ఫంక్షన్ అడిగినన్నీ ఇవ్వాలని లేదు, ఎన్ని ఇచ్చిందో ఆ సంఖ్య తిరిగి చెప్తుంది. డ్రైవర్ కోడ్‌లో "పదహారు రాకపోతే ఎర్రర్, వెనక్కి పో" అని ఉంది. చూడ్డానికి శుభ్రంగా ఉంది. అందరూ బాగుందన్నారు. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం పెన్సిల్‌తో కాగితం మీద గీసుకుంటూ కూర్చుంది. కాసేపటికి, "అన్నా, పదహారు అడిగితే నాలుగే వచ్చినయి అనుకుందాం. ఎర్రర్ అని వెనక్కి పోయినం. మరి ఆ నాలుగూ ఎవరు వాపస్ ఇస్తరు?" అంది. ఎవరూ ఇవ్వరు. వాటిని విడిచే వరుసలు ఆ అభ్యాసం కోసం నేనే తీసేశాను. అచ్చం ఇట్లాంటి తప్పు డ్రైవర్లలో నిజంగా జరుగుతుంటుంది. ఆ అమ్మాయికి అప్పటికి కెర్నెల్ కోడ్ రాయడం రాదు. అయినా మంచి సమీక్షకులు అడిగే ప్రశ్నే అడిగింది. సార్, ఆ ప్రశ్నకు మీ ల్యాబ్‌లో మార్కులు లేవు. అదే నా బాధ.

ఇట్లా ప్రశ్న అడగడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే డర్టీ కౌ అనే సెక్యూరిటీ కన్నం కథ చెప్పాలి. కాపీ ఆన్ రైట్ గురించి మీరు క్లాసులో చెప్తారు: పేజీని ఇద్దరూ పంచుకుంటారు, ఎవరైనా రాయబోతే అప్పుడు వాళ్లకు సొంత కాపీ వస్తుంది. బోర్డు మీద బాణాలతో గీస్తే రెండు నిమిషాల పాఠం. 2016 అక్టోబర్‌లో బయటపడిన డర్టీ కౌ (సెక్యూరిటీ లోపాల జాబితాలో దాని నంబర్ సివిఈ-2016-5195) ఈ రెండు నిమిషాల పాఠంలోనే ఉంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌ని ఒక ప్రోగ్రాం సొంతానికి మ్యాప్ చేసుకుంటుంది (అంటే ఆ ఫైల్ తన మెమరీలోనే ఉన్నట్టు పెట్టుకుంటుంది). అందులో రాయబోతే కెర్నెల్ కాపీ తయారుచేస్తుంది. కాపీ అయిపోయింది కాబట్టి "రాయడానికి కావాలి" అన్న గుర్తు తీసేసి, పేజీ కోసం మళ్లీ ఒకసారి వెతుకుతుంది. ఈ రెండు అడుగుల మధ్య కన్నుమూసి తెరిచేంత వ్యవధి ఉంది. సరిగ్గా అప్పుడే అదే ప్రోగ్రాంలో పక్కనే నడుస్తున్న ఇంకో థ్రెడ్ "ఆ కాపీ నాకు అక్కర్లేదు, పారేయి" అని చెప్తుంది. కాపీ పోయింది, రాయాలన్న గుర్తూ పోయింది. మళ్లీ వెతికితే దొరికేది అసలు ఫైల్ పేజీ. రాత పోయి దాని మీద పడుతుంది. మామూలు యూజర్ రూట్ (కంప్యూటర్ మీద సర్వాధికారాలున్న యూజర్) కావడానికి అది చాలు.

ఈ కన్నం 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచీ తెరిచే ఉంది. తొమ్మిదేళ్లు. అంతకంటే పాత ముచ్చట ఇంకొకటి ఉంది. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లోనే ఈ జాగాలో ఒక మరమ్మతు చేశారు. అది ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390 ప్రాసెసర్ల మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతిని ఆయనే 2016 మరమ్మతు వివరణలో రాసుకున్నారు. ఆ వివరణ పిల్లలతో చదివించండి. ఒక మార్పును ఎందుకు తీసేశారో, తీసేసినప్పుడు ఏది మళ్లీ తెరుచుకుందో వెతకడం కూడా సమీక్షలో భాగమేనని అందులో కళ్లకు కడుతుంది. "ఈ వరుసకూ ఆ వరుసకూ మధ్య ఇంకెవరైనా వచ్చి పరిస్థితి మార్చేస్తే?" ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే సెమిస్టర్ సార్థకమైనట్లే.

సిలబస్‌లోని ఎల్ఆర్‌యూ (వాడి అన్నిటికంటే ఎక్కువ కాలమైన పేజీని పంపేసే పద్ధతి) సంగతి కూడా చూడండి. ఏ పేజీని చివరిసారి ఎప్పుడు వాడారో కచ్చితంగా వరుస పెట్టి ఉంచడం అసలు కంప్యూటర్‌లో కుదరదు. మెమరీని చదివిన ప్రతిసారీ ఒక లిస్టు మార్చుకుంటూ కూర్చోలేం. హార్డ్‌వేర్ ఇచ్చేది "ఈ పేజీని ముట్టుకున్నారు" అన్న ఒక్క బిట్. దాంతోనే కెర్నెల్ ఏళ్ల తరబడి యాక్టివ్, ఇనాక్టివ్ అని రెండు లిస్టులు పెట్టి నెట్టుకొచ్చింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్‌తో పేజీలను తరాలుగా విడగొట్టే కొత్త పద్ధతి చేరింది, దాన్ని మల్టీ జెన్ ఎల్ఆర్‌యూ అంటారు. గూగుల్‌లో యూ ఝావ్ దీన్ని 2021లో సమీక్షకు పెట్టారు. లోపలికి చేరడానికి ఏడాదిన్నరకు పైగా పట్టింది. పేజీలు ఖాళీ చేసే కెర్నెల్ థ్రెడ్ తినే సీపీయూ సమయం 40 శాతం తగ్గిందని తమ ఫోన్లు, క్రోమ్‌బుక్‌ల లెక్క చూపించారు. గొప్ప ఫలితమే. అయినా సమీక్షకుడు అడగాల్సింది: ఏ మెషీన్ మీద? ఏ పని నడుస్తుండగా? డిస్క్ పాతదైతే?

ఇక్కడ మన కాలేజీలకు ఒక అవకాశం ఉంది. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్లు మన ల్యాబుల్లో ఇంకా ఉన్నాయి. బ్రౌజర్ తెరిస్తే ఊపిరాడని మెషీన్లవి. పెద్ద కంపెనీల ఇంజినీర్ల టేబుల్ మీద అట్లాంటివి దొరకవు. మెమరీ ఇరుకైనప్పుడు కొత్త పద్ధతి ఎట్లా ప్రవర్తిస్తుందో వాటి మీద నడిపి, ముందూ వెనకా మేజర్ ఫాల్టుల (పేజీని డిస్క్ నుంచి తేవాల్సి వచ్చిన ఫాల్టుల) లెక్క తీసి, ఏ కాన్ఫిగరేషన్‌తో నడిపారో వివరంగా రాస్తే అది నిజమైన సాయం. కెర్నెల్‌లో చేరే మార్పు కింద రాసినవాళ్ల పేరుతోపాటు "రివ్యూడ్-బై", "టెస్టెడ్-బై" అని సమీక్షించినవాళ్లవీ పరీక్షించినవాళ్లవీ పేర్లు ఎక్కుతాయి. చరిత్ర ఉన్నన్నాళ్లూ అవి చెరగవు. స్టోర్‌కు పంపేద్దామనుకుంటున్న కంప్యూటర్లను ఒక్క సెమిస్టర్ ఆపండి, మేడం.

పేజీ అంటే ఎప్పటికీ 4 కేబీయే అనుకునే రోజులూ పోయాయి. ఆర్మ్ 64 ప్రాసెసర్లు 16 కేబీ, 64 కేబీ పేజీలతోనూ నడుస్తాయి. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ పేజీలున్న ఫోన్లకు తోడ్పాటు వచ్చింది. ఆ వెర్షన్‌ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు వాటి మీద కూడా పనిచేయాలని గూగుల్ ప్లే 2025 నవంబర్ 1 నుంచి నియమం పెట్టింది. మార్పులో ఎక్కడైనా పేజీ సైజు 4096 (అంటే 4 కేబీ) అని అంకె వేసి ఉంటే పట్టుకోవడం ఫస్ట్ ఇయర్ పిల్లలు కూడా చేయగలరు.

మీలో కొందరికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "పిల్లలకు సి లో పాయింటర్లే సరిగ్గా రావు, కెర్నెల్ ఏం చదువుతారు?" అని ఒక సార్ నన్నే అడిగారు. చదవకపోతే అవి ఎప్పటికీ రావు సార్. నలభై వరుసల మార్పు ఒకటి పట్టుకుని మూడు వారాలు కూర్చుంటే, పాయింటర్ ఎవరి సొత్తో, ఎవరు విడవాలో అప్పుడు తలకెక్కుతుంది. ఇంకో మాట పైకి అనరు గానీ లోపల ఉంటుంది: "ఇవన్నీ మాకే తెలియవు, పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?" దయచేసి దీనికి జంకకండి. మెమరీ విభాగాన్ని చూసుకునే ఆండ్రూ మోర్టన్ అంతటివాళ్లు కూడా మార్పులు పంపినవాళ్లను "ఇది వాడేవాళ్లకు ఎట్లా కనిపిస్తుంది?" అని అడుగుతూనే ఉంటారు. సమీక్షలో పెద్దరికం ప్రశ్నకే. పిల్లలతో కలిసి మీరూ వెతకండి. కెర్నెల్‌లో మెమరీ కోడ్ ఉండే ఎంఎం డైరెక్టరీలో ఆర్‌మ్యాప్ డాట్ సి అనే ఫైల్ తెరిస్తే పైనే ఏ లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టకుండా వేసే తాళం) తర్వాత ఏ లాక్ తీసుకోవాలో మెట్లు మెట్లుగా రాసి ఉంటుంది. డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు కదలకుండా ఆగిపోవడం) పాఠం రోజు అది ప్రొజెక్టర్ మీద వేసి చూపించండి. డైనింగ్ ఫిలాసఫర్ల బొమ్మ పక్కన అది ఉంటే ఆ పాఠం ఎందుకు చెప్తున్నారో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ల్యాబ్ ఎట్లా నడపాలో నాకు తోచింది చెప్తాను. ఇప్పుడున్న ప్రయోగాల్లో సగం ఉంచండి. మిగతా సగం స్థానంలో ఇద్దరిద్దరికి ఒక పాత మార్పు ఇవ్వండి, ఇప్పటికే కెర్నెల్‌లో చేరినదై ఉండాలి. ముందు కోడ్ చూడనివ్వకండి. వివరణ చదివి, సమస్య ఏంటో వాళ్ల మాటల్లో తెలుగులోనైనా సరే రాయమనండి. తర్వాత కోడ్. ఎర్రర్ వచ్చే ప్రతి దారినీ కాగితం మీద గీయించండి. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా కాచుకుని ఉండే లాక్) పట్టుకుని ఉన్నప్పుడు నిద్రపోయే అవకాశం ఉన్న పిలుపు ఏదైనా ఉందా అని వెతికించండి. ఆ తర్వాత క్యూఎము (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీద 512 ఎంబీ వర్చువల్ మెషీన్ పెట్టి, కెర్నెల్‌తోపాటే వచ్చే మెమరీ సెల్ఫ్‌టెస్టులు నడిపించండి. పెద్ద సర్వర్ అక్కర్లేదు. ల్యాబ్ సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచితే చాలు, ఎందుకంటే పాత మెషీన్ల మీద కెర్నెల్ కంపైల్ చేయడానికి చాలా సమయం పడుతుంది. చివరికి వైవాలో, ఆ మార్పు కింద ఏ ప్రశ్న అడిగావు, దానికి జవాబు ఎక్కడ దొరికింది అని అడగండి. కెర్నెల్‌లో ఏళ్ల నాటి చర్చలు ఎన్నో ఉన్నాయి కాబట్టి పిల్లలు వేసిన ప్రశ్నను అప్పట్లో నిపుణులు వేశారో లేదో పోల్చి చూడొచ్చు. ఫోలియో మార్పులు ఇందుకు చాలా బాగుంటాయి. చేతికి వచ్చిన పేజీ ఒక పెద్ద పేజీకి తలనా, తోకనా అన్న సందేహం కోడ్‌లో ప్రతిచోటా తీర్చుకోవాల్సి వచ్చేది. 2 ఎంబీ పేజీ అంటే 512 చిన్న పేజీలు, అందులో ఒకటే తల. ఆ సందేహం లేకుండా చేయడానికి మాథ్యూ విల్‌కాక్స్ తెచ్చిన ఈ ఫోలియో మార్పు 2022 జనవరిలో వచ్చిన 5.16లో చేరింది. ఫైల్ సిస్టమ్ వాళ్లు, మెమరీ వాళ్లు దాని మీద నెలల తరబడి వాదించుకున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పిల్లలను రెండు జట్లు చేసి వాదించమంటే మీ క్లాసులో నిద్రపోయేవాళ్లు ఉండరు.

గట్టిగా వద్దని చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. కెర్నెల్‌లో మార్పు చేరితేనే మార్కులు అని మాత్రం పెట్టకండి. పెడితే కామెంట్లలో స్పెల్లింగులు దిద్దే మార్పులు గుట్టలుగా వెళ్తాయి. అక్కడ చదివేవాళ్లు కొద్దిమంది, వాళ్ల సమయం వృథా అవుతుంది. చాట్‌బాట్‌కు మార్పు అతికించి అది ఇచ్చిన పేరాలను సమీక్ష అని పంపడం ఇంకా చెడ్డపని. అడిగితే సమర్థించుకోలేని మాట మన పేరుతో పోకూడదు. పంపే ముందు మీరు ఒకసారి చూసి, "ఇది నువ్వే పట్టుకున్నావా? నాకు చూపించు" అనండి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సమీక్ష ఎంత గట్టిగా ఉందో చూద్దామని కావాలనే లోపాలున్న మార్పులు పంపారు. అది 2021లో పెద్ద గొడవై, ఆ విశ్వవిద్యాలయం నుంచి ఏ మార్పూ తీసుకోమని కెర్నెల్ పెద్దలు అప్పట్లో తలుపులు మూసేశారు. ఒకరిద్దరు చేసినదానికి ఊరందరి పేరు పోయింది. వరంగల్ పేరు అక్కడ మొదటిసారి వినబడేది మంచి ప్రశ్న వల్ల కావాలి.

1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు మనది. ఇప్పుడు మడికొండలో ఐటీ కంపెనీలున్నాయి, కరీంనగర్‌లో ఐటీ టవర్ ఉంది. అయినా మన పిల్లలకు దొరుకుతున్న పని చాలావరకు ఎవరో కట్టిన దాని మీద స్క్రీన్లు గీయడమే. కోడ్ రాసే పనిలో చాలా భాగం ఇప్పుడు యంత్రాలు చేసేస్తున్నాయని పిల్లల్లోనూ తల్లిదండ్రుల్లోనూ టెన్షన్ ఉంది. ఆ కోడ్ సరైనదో కాదో చదివి చెప్పగలిగేవాళ్ల అవసరం మాత్రం నా కళ్లముందే పెరుగుతోంది. ఇంటర్వ్యూలో నేను వెతికేదీ అదే.

వచ్చే అకడమిక్ ఇయర్ రెగ్యులేషన్ ఖరారయ్యేలోపు బోర్డ్ ఆఫ్ స్టడీస్ దీన్ని అజెండాలో పెట్టాలని కోరుతున్నాను. అంతదాకా ఆగలేమనుకునే కాలేజీ ఏదైనా ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత మార్పుల్లోంచి మొదటి సెమిస్టర్‌కు సరిపోయేవి ఎంచి, ఒక్కోదానికి అధ్యాపకుల కోసం తెలుగులో నోట్స్ రాసి పెట్టాను. అడిగినవాళ్లకు ఉచితంగా ఇస్తాను. శనివారాలు మీ ల్యాబ్‌కు వచ్చి పిల్లలతో కూర్చోవడానికీ సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక కెర్నెల్ ఇంజినీర్